రెండో అప్పీలు రాసిపెట్టే న్యాయవాదిని ఎంచుకోవడం, పని అప్పగించడం

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే మీకు వెంటనే తెలుస్తుంది. మీరు జిల్లా కేంద్రంలో ఒంటరిగా ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాది. మీ కక్షిదారు ఒక ఇంటి ఆడపడుచు. ఉమ్మడి ఆస్తిలో వాటా కోరుతూ అన్నదమ్ముల మీద దావా వేసి ట్రయల్ కోర్టులో గెలిచారు, మొదటి అప్పీలులో ఓడిపోయారు. ఆమె పెళ్లి 1982లోనే అయింది, 1996లో పంపకాలు జరిగినట్టు రిజిస్టరు కాని కాగితం ఉంది, తండ్రి 2001లోనే చనిపోయారు. ఈ మూడు కారణాలు చూపి అప్పీలు కోర్టు దావా మొత్తాన్ని కొట్టేసింది. ఇప్పుడు అమరావతిలోని హైకోర్టులో రెండో అప్పీలు వేయాలి. పరిశోధన చేసి, అప్పీలు కారణాలూ లిఖితపూర్వక వాదనా రాసిపెట్టే అనుభవజ్ఞుడైన న్యాయవాదిని బయటినుంచి పెట్టుకోవాలని మీ ఆలోచన. ఎవరిని పెట్టుకోవాలి, డబ్బు ఎలా మాట్లాడుకోవాలి, కక్షిదారుకు చెప్పాలా, సంతకం ఎవరిది అన్నవి మీ సందేహాలు.

నేను చాలా ఏళ్లుగా ఇతర న్యాయవాదులకు ఈ రాతపని చేసిపెడుతున్నాను. కాబట్టి అవతలి బల్ల దగ్గర కూర్చునేవాడిగా చెబుతాను. పని ఇచ్చేవాళ్లు ఏం చేస్తే మంచి రాత బయటికి వస్తుందో, ఏం చేస్తే డబ్బు వృథా అవుతుందో అక్కడినుంచి బాగా కనిపిస్తుంది.

ఇది చేయవచ్చా అన్న మొహమాటం ముందు వదిలేయండి. రుసుము పంచుకునే ఏర్పాట్ల మీద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో ఉన్న నిషేధం న్యాయవాది కానివారితో పెట్టుకునే ఏర్పాట్లకే. ఒక న్యాయవాది మరో న్యాయవాదికి రాసిపెట్టడం మన కోర్టుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. అమెరికాలో ఇది బహిరంగంగా నడిచే వృత్తి. ఇలా బయటినుంచి తెచ్చుకున్న న్యాయవాది పనికి కక్షిదారు దగ్గర ఎంత వసూలు చేయవచ్చన్న విషయంలో అమెరికన్ బార్ అసోసియేషన్ 2000లోనే లాంఛనంగా అభిప్రాయం ప్రకటించింది. న్యాయసేవగా బిల్లు వేస్తే పైన కొంత కలుపుకోవచ్చు, ఖర్చుగా చూపిస్తే మాత్రం అయినంతే తీసుకోవాలి అన్నది దాని సారాంశం. మన దగ్గర అంతా నోటిమాట మీద నడుస్తుంది. చిక్కులన్నీ అక్కడే పుడతాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు కొనబోయేది పేజీలను కాదు, ఒకటి రెండు వాక్యాలను. సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్‌ను 1976 సవరణ మార్చినప్పటినుంచి రెండో అప్పీలు నిలబడేది ముఖ్యమైన న్యాయ ప్రశ్న మీదే. ఆ ప్రశ్నను అప్పీలు మెమోలోనే, అంటే అప్పీలు కారణాలు రాసి దాఖలు చేసే కాగితంలోనే, కచ్చితంగా చెప్పాలని అదే సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్ అంటుంది. హైకోర్టుకు అది నచ్చితే తనే దాన్ని రూపొందించి విచారణకు తీసుకుంటుంది, నచ్చకపోతే అడ్మిషన్ దశలోనే, అంటే విచారణకు తీసుకోవాలా వద్దా అని చూసే మొదటి దశలోనే, అప్పీలు ముగిసిపోతుంది. ముప్ఫై కారణాలు వరుసగా రాసి, వాటిలో ఇరవై ‘కింది కోర్టు సాక్ష్యాన్ని సరిగా పరిశీలించలేదు’ అన్నదానికే రకరకాల రూపాలైతే, ఆ మెమో మొదటి అప్పీలుకు పనికొస్తుందేమో గానీ ఇక్కడ పనికిరాదు.

ప్రశ్న గట్టిగా లేకపోతే గెలిచిన తీర్పు కూడా నిలవదు. వరంగల్ ఇంటి స్థలాల తగాదాలోంచి పుట్టిన అనాతుల సుధాకర్ వర్సెస్ పి. బుచ్చిరెడ్డి కేసులో జరిగింది అదే. నిషేధాజ్ఞ కోసం మాత్రమే వేసిన దావాలో, ఎవరూ ప్లీడింగ్స్‌లో (రెండు పక్షాలూ కోర్టులో వేసే దావా, జవాబు కాగితాల్లో) చెప్పని, తేల్చాల్సిన అంశంగా (ఇష్యూ) కూడా పెట్టని మౌఖిక దానం విషయాన్ని హైకోర్టు రెండో అప్పీలులో తేల్చింది. అక్కడ తలెత్తని ప్రశ్నలు రూపొందించుకుని, వాస్తవాలను మళ్లీ తవ్వి, 100వ సెక్షన్ పరిధి దాటిందని సుప్రీంకోర్టు 2008లో ఆ తీర్పును రద్దు చేసింది. ఈ తీర్పును అందరూ హక్కు ప్రకటన కోరాలా, నిషేధాజ్ఞ ఒక్కటీ చాలా అన్న విషయానికి ఉదహరిస్తారు. రెండో అప్పీలు రాసేవాళ్లు మాత్రం దాన్ని 100వ సెక్షన్ కోసమే చదవాలి.

కాబట్టి ‘అనుభవం’ అంటే ఏమిటో ముందు తేల్చుకోండి. ఎన్‌రోల్‌మెంట్ సంవత్సరం చూసి మోసపోవద్దు. రిట్ పిటిషన్లు అద్భుతంగా రాసేవాళ్లు చాలామంది రెండో అప్పీలు దగ్గర తడబడతారు. రిట్‌లో వాస్తవాలు అఫిడవిట్‌లో మనం చెప్పినట్టు మొదలవుతాయి. ఇక్కడ రెండు కోర్టులు తేల్చిన వాస్తవాలు మన నెత్తిన కూర్చుని ఉంటాయి, వాటి మధ్యలోంచి చట్టం తాలూకు సందు వెతకాలి. సర్వీసు కేసుల్లో మంచి పేరున్నవారికి ఇది ఇవ్వవద్దు. సివిల్ అప్పీళ్లు రాసినవారు, అడ్మిషన్ దశలో జడ్జి ఏం అడుగుతారో కోర్టు హాల్లో కూర్చుని విన్నవారు కావాలి. పైగా మీ కేసులో వాంగ్మూలాలు, కాగితాలు చాలావరకు తెలుగులో ఉంటాయి. తెలుగు చదవలేని వ్యక్తికి ఎంత పేరున్నా మీకు ఉపయోగం తక్కువ.

మీ కేసునే పరీక్షగా పెట్టి మనిషిని ఎలా గుర్తుపట్టవచ్చో చూడండి. మొదటి కారణం, 1982 పెళ్లి. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో చేసిన సవరణ కూతుళ్లకు పుట్టుకతో వాటా ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, కానీ అంతకు ముందే పెళ్లయిన కూతుళ్లను పక్కనపెట్టింది. అప్పీలు కోర్టు అక్కడే ఆగిపోయినట్టుంది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణలో పెళ్లికి సంబంధించిన ఆ మినహాయింపు లేదు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, 2005 నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదనీ తేల్చింది. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. కాస్త చదువుకున్న జూనియర్ కూడా చెబుతాడు.

రెండో కారణం దగ్గర మనిషి తేడా తెలుస్తుంది. హిందూ వారసత్వ చట్టంలో సవరించిన 6వ సెక్షన్ 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను కాపాడుతుంది, కానీ పంపకం అంటే రిజిస్టరైన దస్తావేజు ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో జరిగినదే అని వివరణ ఇస్తుంది. ‘మన కాగితం రిజిస్టరు కాలేదు, కాబట్టి గెలిచాం’ అని ఫోన్లో ఉత్సాహంగా చెప్పే వ్యక్తి మీకు వద్దు. వినీతా శర్మ తీర్పే ఒక సందు వదిలింది. అసాధారణ సందర్భాల్లో, మౌఖిక పంపకానికి ప్రభుత్వ రికార్డుల బలం ఉండి, చివరికి అది డిక్రీతో జరిగిన పంపకంలాగే స్పష్టంగా రుజువైతే ఒప్పుకోవచ్చని అంది. ఒట్టి నోటి సాక్ష్యాన్ని మాత్రం తోసిపుచ్చాలంది. అన్నదమ్ములు పట్టుకునేది ఆ సందునే. 1996 తరువాత అడంగళ్లలో (గ్రామ భూమి రికార్డుల్లో) ఎవరి పేరున ఎంత ఉంది, పట్టాదారు పాస్‌బుక్కులు విడివిడిగా వచ్చాయా, బ్యాంకు రుణాలు ఎవరికి వారు తీసుకున్నారా అన్నవి చూడాలి. అందుకే మంచి న్యాయవాది మీ మాట విన్న వెంటనే ‘ఎగ్జిబిట్ల (సాక్ష్యంగా గుర్తు పెట్టిన కాగితాల) జాబితా పంపండి’ అంటారు. తీర్పు ప్రతి ఒక్కటే చాలనేవారికి ఈ పని చేతకాదు.

మూడో అంశం ఇంకా ఆసక్తికరం, నాకైతే మీ కేసులో అన్నిటికన్నా బలమైనదిగా కనిపిస్తోంది. కాసేపు అన్నదమ్ములు చెప్పిందంతా నిజమే అనుకోండి. 1996లో పంపకం జరిగింది, మీ కక్షిదారుకు పుట్టుకతో వచ్చే వాటా లేదు. అయినా తండ్రికంటూ ఒక వాటా వచ్చి ఉండాలి కదా? ఆయన 2001లో వీలునామా రాయకుండా చనిపోయి ఉంటే ఆ వాటాలో కూతురు క్లాస్ వన్ వారసురాలు, అంటే మొదటి వరుస వారసుల్లో ఒకరు. పంపకం జరగలేదనుకున్నా పాత 6వ సెక్షన్ ప్రొవైజో (మినహాయింపు నిబంధన) ప్రకారం తండ్రి వాటా వారసత్వంగానే దిగుతుంది, అందులోనూ ఆమెకు భాగం ఉంటుంది. అంటే అన్నదమ్ముల వాదన మొత్తం ఒప్పుకున్నా దావాను పూర్తిగా కొట్టేయడానికి దారి లేదు. ఇది సాక్ష్యాన్ని ముట్టుకోకుండా, తేలిన వాస్తవాల మీదే నిలబడే న్యాయ ప్రశ్న. రెండో అప్పీలుకు కావలసిన సరుకు ఇదే. వీలునామా ఉందా, 1996 కాగితంలో తండ్రి భాగం ఎలా చూపారు, దావాలో ఈ ప్రత్యామ్నాయ అభ్యర్థనకు ఆధారమయ్యే వాస్తవాలు ఉన్నాయా అన్నవి చూడకుండా నేను ఇంతకన్నా గట్టిగా చెప్పను. మీరు మాట్లాడే న్యాయవాది, మీరు నోరు విప్పకముందే, ‘తండ్రి వీలునామా రాశారా?’ అని అడిగితే వేరే పరీక్ష అక్కరలేదు.

మీకు నచ్చని మాట కూడా ఆ వ్యక్తి నోటినుంచి రావాలి. 2001లో అన్నదమ్ములు రెండెకరాలు అమ్మి ఉంటే ఆ అమ్మకం 2004 డిసెంబరు 20కి ముందుది కాబట్టి కూతురి హక్కు పేరుతో దాన్ని కదిలించలేరు. మీరు అడగకుండానే ఇది చెప్పేవారిని పట్టుకోండి. అన్నీ అనుకూలంగా ఉన్నాయనే మనిషి పరిశోధన చేయలేదు, లేదా చేసింది దాస్తున్నారు.

ఇలాంటివారు ఎక్కడ దొరుకుతారంటే, ప్రకటనల్లో దొరకరు. బార్ కౌన్సిల్ నిబంధనల్లో 36వది న్యాయవాదులు ప్రకటనలతో పని కోరడాన్ని నిషేధిస్తుంది. న్యాయవాదుల సేవలను అమ్మకానికి పెట్టే ఆన్‌లైన్ వేదికల మీద చర్య తీసుకోవాలని మద్రాసు హైకోర్టు 2024 జూలైలో బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది కూడా. ‘నెంబర్ వన్ డ్రాఫ్టింగ్ నిపుణుడు’ అని తనకు తనే చెప్పుకునే వ్యక్తి కనీసం ఈ నిబంధన చదవలేదని అర్థం. నేను సూచించే దారి నెమ్మదిగా ఉంటుంది కానీ మేలైనది. ఏఎల్‌డీ, ఏఎల్‌టీ అనే హైకోర్టు తీర్పుల సంపుటాలు తీసి, ఈ అయిదారేళ్లలో పంపకాల మీద, 100వ సెక్షన్ మీద వచ్చిన తీర్పులు చూడండి. తీర్పు మొదట్లో న్యాయవాదుల పేర్లుంటాయి. జడ్జి ఎవరి వాదనను దాదాపు యథాతథంగా తీసుకున్నారో చదువుతుంటే తెలిసిపోతుంది. ఆ పేర్లలో సీనియర్లను వదిలేసి, వారి ఆఫీసులో రాసింది ఎవరో బార్ లైబ్రరీలో విచారించండి. గుమాస్తాలకు ఈ విషయం న్యాయవాదులకన్నా బాగా తెలుసు.

నమూనా అడగండి. పేర్లు, ఊళ్లు తీసేసిన పాత అప్పీలు మెమో ఒకటి, లిఖితపూర్వక వాదన ఒకటి చాలు. వేరే కక్షిదారు పేరూ సర్వే నంబర్లూ చెరపకుండానే పంపిస్తే ఆ నమూనా ఎంత బాగున్నా ఆ మనిషిని వదిలేయండి. రేపు మీ కాగితాలు ఇంకొకరికి అలాగే వెళతాయి.

కాగితాలు పంపేముందు ఒక ఫోను కాల్ చేయాలి. రెండు పక్షాల పేర్లు, ఊరు, దావా నంబరు మాత్రమే చెప్పి, ‘అవతలివారికి ఎప్పుడైనా సలహా ఇచ్చారా, ఏమైనా రాసిపెట్టారా’ అని అడగండి. బార్ కౌన్సిల్ 33వ నిబంధన ప్రకారం ఒక వ్యవహారంలో ఒక పక్షానికి సలహా ఇచ్చినా, ప్లీడింగ్స్ రాసినా అవతలి పక్షానికి పనిచేయకూడదు. వకాలత్‌లో (కక్షిదారు తరఫున వాదించే అధికారమిచ్చే కాగితంలో) పేరు లేదు కదా అన్న మాట చెల్లదు. ఆ నిబంధన వకాలత్ గురించి కాదు, సలహా గురించీ రాత గురించీ మాట్లాడుతుంది. తెరవెనుక రాసేవారికి ఈ చిక్కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాళ్లు ఎవరికి రాశారో రికార్డులో ఎక్కడా కనిపించదు. అడిగితేనే తెలుస్తుంది.

పంపేటప్పుడు మొత్తం పంపండి. ప్లెయింటు, రిటన్ స్టేట్‌మెంటు, ఇష్యూలు, వాంగ్మూలాలన్నీ, ఎగ్జిబిట్లు, రెండు తీర్పులు, డిక్రీలు, మొదటి అప్పీలు మెమో. ‘సారాంశం రాసి పంపాను, మిగతాది అవసరమైతే అడగండి’ అనే అప్పగింత నాకు తరచూ వస్తుంది. మీ సారాంశంలో మీకు ముఖ్యమనిపించినవే ఉంటాయి. మీకు కనిపించనిది వెతకడానికే కదా బయటి మనిషిని పెట్టుకుంటున్నారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో పెద్దన్న ‘నాన్న బతికినంతకాలం పన్నులు ఆయన పేరునే కట్టాం’ అని ఒక్క ముక్క అని ఉండవచ్చు. ట్రయల్‌లో అలసిపోయి ఉన్నవారికి అది వినబడదు, చల్లగా కూర్చుని చదివేవారికి కనబడుతుంది.

దీంతోపాటు ఒక పేజీ ఉత్తరం రాయండి. ఏం కావాలి, ఎప్పటికి కావాలి, కక్షిదారు దేనికి రాజీపడతారు, దేనికి పడరు అన్నవి అందులో ఉండాలి. చివరిది చాలామంది రాయరు. ఆమెకు ఇంటి స్థలం ఒక్కటి వచ్చినా చాలనుకుంటే ప్రత్యామ్నాయ వాదన రాసే తీరే మారిపోతుంది.

గడువు గురించి. హైకోర్టుకు అప్పీలు గడువు డిక్రీ తేదీ నుంచి 90 రోజులు. సర్టిఫైడ్ కాపీలు తయారవడానికి పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ మినహాయిస్తుంది. రాసే న్యాయవాదికి కనీసం నెల రోజులుండేలా కాగితాల కట్ట చేరాలి. ఎనభయ్యో రోజున ఫోను చేసి ‘గ్రౌండ్స్ రేపటికి కావాలి’ అంటే వచ్చేది పాత మెమోలోని ముప్ఫై కారణాలే. గడువు దాటితే 5వ సెక్షన్ కింద ఆలస్యం మన్నించమని అడగవచ్చు నిజమే, కానీ బలమైన అప్పీలుకు కూడా ఆ పిటిషన్ ఒక అడ్డంకే.

డబ్బు విషయంలో నా అభిప్రాయం గట్టిది: పేజీకింత అని మాట్లాడుకోవద్దు. పేజీకి డబ్బిస్తే పేజీలే వస్తాయి. గంటల లెక్క మన దగ్గర నమ్మకంగా నడవదు. పనిని మూడు ముక్కలు చేయండి. మొదటిది రికార్డు చదివి, రెండో అప్పీలు నిలుస్తుందా లేదా అన్న అభిప్రాయం నాలుగైదు పేజీల్లో ఇవ్వడం. దీనికి విడిగా, పూర్తిగా చెల్లించండి, ‘అప్పీలు వేయవద్దు’ అన్నా సరే. లేకపోతే వేయవద్దని చెప్పాల్సిన మనిషి మిగతా డబ్బు కోసం వేయమంటారు. రెండోది మెమో, మధ్యంతర దరఖాస్తులు, తేదీల పట్టిక. మూడోది అప్పీలు విచారణకు తీసుకున్నాక లిఖితపూర్వక వాదన. అది ఏళ్ల తరువాత రావచ్చు కాబట్టి దాని ధర అప్పుడు మాట్లాడుకోవచ్చు, ఇప్పుడే కట్టేసుకోనక్కరలేదు. ఎన్నిసార్లు దిద్దిపెట్టాలో కూడా ముందే అనుకోండి. ‘గెలిస్తే ఇంత’ అన్న మాట మాత్రం ఎత్తవద్దు. ఫలితం మీద ఆధారపడిన రుసుమును బార్ కౌన్సిల్ 20వ నిబంధన ఒప్పుకోదు. న్యాయవాది మరో న్యాయవాదికి చేసే న్యాయసేవ మీద జీఎస్టీ మినహాయింపు ఉంది, ఆ బెంగ అక్కరలేదు.

ఇక వచ్చిన రాతను ఎలా చూడాలి? ఈ కాలంలో మొదటి జాగ్రత్త లేని తీర్పుల గురించి. న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో మాటా వర్సెస్ అవియాంకా కేసులో న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమనుకుని దాఖలు చేశారు. 2023 జూన్‌లో కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. అక్కడ రాసింది ఒకరు, సంతకం చేసింది మరొకరు. మీ ఏర్పాటు కూడా అలాంటిదే అని గుర్తుంచుకోండి. రాసేవారు కృత్రిమ మేధ వాడటం మీద నాకు పట్టింపు లేదు, వాడుతున్నారా అని నేరుగా అడిగితే చాలు. రెండు షరతులు పెట్టండి. కక్షిదారు కాగితాలను అలాంటి ఉచిత సాధనాల్లోకి ఎక్కించకూడదు. ఉదహరించిన ప్రతి తీర్పు పూర్తి ప్రతినీ, ఆధారపడిన పేరాకు గుర్తు పెట్టి, మెమోతోపాటు పంపాలి. రెండో షరతు ఒక్కటే కల్పిత తీర్పులను ఏరేస్తుంది. సుప్రీంకోర్టు తీర్పులైతే 2023 జనవరి నుంచి ఇ-ఎస్‌సీఆర్ అనే ఆన్‌లైన్ సంపుటిలో ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి, మీరే సరిచూసుకోవచ్చు.

నిజంగా ఉండి కూడా ముంచే తీర్పులు ఇంకా ప్రమాదం. ప్రకాష్ వర్సెస్ ఫూలవతి, 2015, ఉన్న తీర్పే. కూతురి హక్కుకు 2005 నాటికి తండ్రి బతికి ఉండాలని అది చెప్పింది, 2020లో వినీతా శర్మ దాన్ని తోసిపుచ్చింది. మీ కక్షిదారు తండ్రి 2001లో చనిపోయారు. మొదటి అప్పీలు కోర్టు ఫూలవతిని పట్టుకునే ఆ కారణం రాసి ఉంటే, మీ మెమోలో మొదటి ప్రశ్న దానంతటదే తయారైనట్టు. హెడ్‌నోట్ (తీర్పు పైన అచ్చయ్యే సారాంశం) చదివి రాసేవారికి ఇలాంటివి కనబడవు. హెడ్‌నోట్ సంపాదకుడు రాసేది, జడ్జి రాసేది కాదు.

మన రాష్ట్రాలకు ప్రత్యేకమైన తలనొప్పి ఇంకొకటి ఉంది. గుంటూరులో 1954లో ఆంధ్ర హైకోర్టు వచ్చింది, 1956లో హైదరాబాదుకు మారింది, 2014 నుంచి ఉమ్మడి హైకోర్టు నడిచింది, 2019 జనవరి 1న రెండుగా విడిపోయింది. 1954కు ముందంతా కోస్తా, రాయలసీమలకు మద్రాసు హైకోర్టు. 1954కు ముందటి మద్రాసు తీర్పులు ఆంధ్ర హైకోర్టును కట్టివేస్తాయని సుబ్బారాయుడు కేసులో 1955లోనే ఫుల్ బెంచ్ చెప్పింది. కాబట్టి హిందూ ఉమ్మడి కుటుంబం మీద పాత మద్రాసు తీర్పు మీకు ఆయుధం కావచ్చు, 2019 తరువాతి తెలంగాణ హైకోర్టు తీర్పు అమరావతిలో ఒప్పించడానికి పనికొచ్చేదే తప్ప కట్టివేసేది కాదు. ప్రతి తీర్పు పక్కన ఏ కోర్టు, ఏ తేదీ, ఎంతమంది జడ్జీలు అని రాసి ఇవ్వమనండి. అది రాయలేనివారు పరిశోధన చేశామనడంలో అర్థం లేదు.

లిఖితపూర్వక వాదన గురించి క్లుప్తంగా. సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 2వ రూలు ట్రయల్‌లో ఇచ్చే లిఖిత వాదనలు సంక్షిప్తంగా, విడివిడి శీర్షికల కింద ఉండాలంటుంది. అప్పీలులోనూ అదే కొలత పెట్టుకోండి. ప్రశ్న, దాని మీద కింది కోర్టు అన్న మాట పేజీ నంబరుతో, చట్టం, ఆ చట్టం ఇక్కడ ఎలా వర్తిస్తుంది, చివర ఏం కోరుతున్నాం. ఒక్కో విషయానికి ఒక తీర్పు, మహా అయితే రెండు. పన్నెండు తీర్పులు పేర్చిన వాదన చూస్తే రాసినవారికే ఏది ముఖ్యమో తెలియలేదనిపిస్తుంది. అడ్మిషన్ రోజున జడ్జి ముందు దొరికే సమయం కొద్ది నిమిషాలే. ఆ రోజు పనికొచ్చేది ఒక పేజీ తేదీల పట్టిక, దాని కింద రెండు ప్రశ్నలు. దాని మీద మీ న్యాయవాది పెట్టిన శ్రద్ధ చూసి మిగతా పనిని అంచనా వేయవచ్చు.

సంతకం మీదే, బాధ్యతా మీదే. రాసినవారి పేరు ఎక్కడా ఉండనవసరం లేదు. వారే వాదించేటట్టయితే వకాలత్‌లో పేరు చేర్చండి, అప్పుడు వ్యవహారం మారుతుంది. మీరు సంతకం చేసే ప్రతి పేజీ మీరు చదివి, జడ్జి అడిగితే జవాబు చెప్పగలిగేలా ఉండాలి. కక్షిదారుకు చెప్పాలా అంటే నా సలహా చెప్పమనే. న్యాయవాది, కక్షిదారు మధ్య సంభాషణల గోప్యతను 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ కాపాడుతోంది, పాత సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్ స్థానంలో వచ్చింది. ఆమె సంగతులు మరో న్యాయవాది చేతికి వెళుతున్నాయంటే ఆమె సమ్మతి ఒక చిన్న కాగితం మీద ఉండటం మీకూ రక్ష, రాసేవారికీ రక్ష. ఇంట్లో తగాదాలున్న ఊళ్లో ఈ కాగితాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదని వేరే చెప్పనక్కరలేదు. రుసుము సంగతీ అప్పుడే చెప్పేయండి. పరిశోధనకు ఇంత, మీ పనికి ఇంత అని విడిగా చూపిస్తే తరువాత ఎవరూ ఎవరినీ అనుమానించరు.

చివరిగా, వాదించేది మీరైనా హైకోర్టు దగ్గరి మిత్ర న్యాయవాదైనా, అడ్మిషన్‌కు ముందు రాసిన న్యాయవాదితో ఒక గంట కూర్చోవడాన్ని కూడా ఒప్పందంలోనే పెట్టుకోండి. జడ్జి మొదట అడగబోయేది ‘ఇది వాస్తవాల ప్రశ్న కాదా?’ అని. తండ్రి వాటా విషయంలో దానికి జవాబు రెండు వాక్యాల్లో చెప్పడం ఆ గంటలో సాధన చేయించమనండి. వీలునామా సంగతి, 1996 కాగితంలో తండ్రి భాగం సంగతి తెలుసుకుని రాస్తే ఆ రెండు వాక్యాలు ఎలా ఉండాలో నేనూ చెప్పడానికి ప్రయత్నిస్తాను.